శాడిస్టు అనే మాట వెనక మనిషి: మార్కీ ద సాద్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మన పేపర్లలో ‘శాడిస్టు మొగుడు’ అన్న హెడ్డింగు అందరూ చూసిందే. మార్కులు కోసే లెక్చరరు శాడిస్టు, లీవు ఇవ్వని మేనేజరు శాడిస్టు, పొద్దున లేస్తే టెన్షన్ పెట్టే పక్కింటాయన శాడిస్టు. ఆ మాట ఒక మనిషి ఇంటిపేరు అంటే మాత్రం ‘నిజమా!’ అంటారు. ఆ ఇంటిపేరు గురించి జనం అడిగే ప్రశ్నలు, నాకు తోచినవి కొన్ని కలిపి ఇక్కడ పెడుతున్నాను. ఒక మాట ముందే చెప్పేస్తాను. ఇతన్ని ‘ఆయన’ అనడానికి నాకు నోరు రాదు. ‘వాడు’ అనేస్తే తిట్టుతోనే పని అయిపోతుంది. అందుకని అంతటా ‘అతను’.

ఇంతకీ ఎవరితను? పేరు ఎలా పలకాలి?

దొనాస్యాఁ అల్ఫోన్స్ ఫ్రాన్స్వా ద సాద్. 1740 జూన్ 2న పారిస్‌లో పుట్టాడు, 1814 డిసెంబరు 2న పారిస్ పక్కనున్న షారాంతోఁ పిచ్చాసుపత్రిలో పోయాడు. ఫ్రెంచి వాళ్లు ‘సాద్’ అంటారు. మనకి ఇంగ్లీషు మీదుగా వచ్చింది కాబట్టి ‘శాడ్’ అయి కూర్చుంది.

పేరులో కూడా ఒక తిరకాసు ఉంది. ఇంట్లోవాళ్లు పెట్టాలనుకున్నది లూయీ అల్దోన్స్ దొనాస్యాఁ. బాప్తిస్మం రోజు తల్లిదండ్రులు వెళ్లలేదు, బిడ్డని తీసుకెళ్లినవాళ్లు ఏదో పేరు రాయించారు. రేషన్ కార్డులో ఒక పేరు, టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంకో పేరు ఉన్నవాళ్ల పాట్లు మనకి తెలిసినవేగా. ఫ్రెంచి విప్లవం రోజుల్లో ‘దేశం వదిలి పారిపోయిన ప్రభువుల’ జాబితాలో పేరెక్కినప్పుడు, ఆ మనిషిని నేను కాదు మొర్రో అని నిరూపించుకోవడానికి ఇతను నానా తంటాలూ పడ్డాడు.

మార్కీ అంటే ఏమిటి?

ప్రభువుల్లో ఒక హోదా. డ్యూక్ కంటే కింద, కౌంట్ కంటే పైన. సాద్ వంశం ప్రొవాన్స్ ప్రాంతంలో పాత వంశం. కవి పెట్రార్క్ ప్రాణం పెట్టి కవితలు రాసిన లారా ఈ ఇంటి కోడలేనని వాళ్ల నమ్మకం. తండ్రి రాయబారి. తల్లి కోందే రాకుమారి దగ్గర ఉండేది, దూరపు చుట్టం కూడా. అందుకే ఇతను పుట్టింది ఏకంగా కోందే వారి మహల్లో.

చిన్నతనం?

ఆ మహల్లో తనకంటే నాలుగేళ్లు పెద్దయిన రాకుమారుడితో ఆటలు. ఒకసారి ఆ పిల్లాణ్ణి చితక్కొట్టాడని ప్రొవాన్స్‌కి పంపేశారు. అక్కడ పెంచింది బాబాయి, పేరుకి చర్చి మనిషి. పెట్రార్క్ మీద పెద్ద గ్రంథం రాసిన పండితుడు, వ్యభిచార గృహంలో పోలీసులకి దొరికిన ఘనుడూ ఆ ఒక్క మనిషే. పిల్లవాడికి గ్రంథాలయం, లోకజ్ఞానం రెండూ ఆ ఇంట్లోనే వంటబట్టాయి. తర్వాత పారిస్‌లో జెస్యూట్ల బడి, ఆ తర్వాత సైన్యం. ఏడేళ్ల యుద్ధంలో పోరాడి కెప్టెన్ అయ్యాడు.

పెళ్లి ఎలా కుదిరింది?

వంశం ఒకరిది, డబ్బు ఇంకొకరిది. రెనే పెలజీ ద మోంత్రయ్ తండ్రి ఒక న్యాయస్థానానికి అధ్యక్షుడిగా చేసినవాడు, కొత్తగా పైకొచ్చిన ధనిక కుటుంబం. వాళ్లకి ప్రభువుల సంబంధం కావాలి, సాద్ తండ్రికి అప్పులు తీరాలి. 1763 మే 17న పెళ్లయింది. ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టిన వారిలో రాజు కూడా ఉన్నాడు.

అయిదు నెలలు తిరక్కుండానే అక్టోబరులో కొత్త పెళ్లికొడుకు వాన్సెన్ జైల్లో ఉన్నాడు. జాన్ తెస్తార్ అనే అమ్మాయికి డబ్బిచ్చి తీసుకెళ్లి, రాత్రంతా గదిలో బంధించి, దేవుణ్ణి తిట్టమని, శిలువని అవమానించమని బెదిరించాడట. తెల్లారాక ఆమె నేరుగా పోలీసుల దగ్గరికి పోయింది. రెండు వారాల్లో బయటికొచ్చాడుగానీ, అప్పట్నుంచి మారే అనే ఇన్‌స్పెక్టర్ ఇతని మీద కన్నేసి ఉంచాడు. ఈ మనిషికి అమ్మాయిల్ని పంపొద్దని పారిస్ వేశ్యాగృహాల యజమానురాళ్లకి చెప్పిపెట్టాడు కూడా.

జైలుకి వెళ్లింది రాతల వల్లా, చేతల వల్లా?

జనం ఎక్కువగా తప్పులో కాలేసేది ఇక్కడే. ‘పుస్తకాలు రాసినందుకు ముప్ఫై ఏళ్లు జైల్లో పెట్టారు పాపం’ అనేది సగం కథ. 1790 దాకా ఇతను జైలుకి పోయింది పుస్తకాల వల్ల కాదు. మనుషుల్ని, అదీ పేద ఆడవాళ్లని, హింసించినందుకు. అప్పటికి ఇతని కథల పుస్తకం ఒక్కటీ అచ్చవలేదు. కథలు రాయడం మొదలైందే జైల్లో.

రోజ్ కెల్లర్ ఎవరు?

1768 ఏప్రిల్ 3, ఈస్టర్ ఆదివారం. పారిస్‌లోని విక్త్వార్ కూడలిలో ముప్ఫై ఆరేళ్ల వితంతువు ఒకామె బిచ్చమెత్తుకుంటోంది. నూలు వడికే పని పోయింది. ఊరు స్త్రాస్‌బూర్, ఫ్రెంచి అంతంతమాత్రం. మంచి బట్టల్లో ఉన్న ఒకాయన వచ్చి ఇంటిపని ఉంది, డబ్బిస్తానన్నాడు. నమ్మి బండెక్కింది. ఊరి బయట ఆర్కై అనే చోట అద్దె ఇంటికి తీసుకెళ్లి, గదిలో పెట్టి తలుపేసి, బట్టలు తీయించి, కొరడాతో కొట్టాడు. కత్తితో గాట్లు పెట్టి కరిగిన మైనం పోశాడని ఆమె చెప్పింది. కొట్టాను, తర్వాత మందే రాశాను అని ఇతను చెప్పాడు. కత్తి గాట్లు కనిపించలేదని వైద్యుడు రాశాడు.

గదిలో ఒంటరిగా వదిలేసి వెళ్లగానే ఆమె కిటికీ తీసింది, పక్క దుప్పట్లు ముడివేసింది, తోటలోకి దిగింది, గోడ దూకింది. నౌకరు డబ్బు సంచి ఊపుకుంటూ వెనకాల పరిగెత్తాడు. ఆమె ఆగలేదు. ఊరి ఆడవాళ్లు ఆమెని లోపలికి తీసుకుని గాయాలు చూసి, అధికారులకి కబురు పెట్టారు.

అత్తగారు 2,400 లీవ్రులు (అప్పటి ఫ్రెంచి డబ్బు) ఇచ్చి ఫిర్యాదు వెనక్కి తీయించింది. కోర్టు వేసిన జరిమానా 100 లీవ్రులు, అదీ ఖైదీల రొట్టెల ఖర్చు కింద. కొన్ని నెలలు కోటల్లో ఉంచి నవంబరులో వదిలేశారు.

సాద్ మీద వచ్చిన వ్యాసాలు చాలావాటిలో రోజ్ కెల్లర్ ఒక వాక్యంలో వచ్చి పోతుంది. నాకు మాత్రం ఈ కథంతటిలో బుర్ర, గుండె రెండూ పనిచేసిన మనిషి ఆమే అనిపిస్తుంది.

మార్సెయ్‌లో ఏం జరిగింది?

1772 జూన్ 27న లతూర్ అనే నౌకరుతో కలిసి వేశ్యల దగ్గరికి వెళ్లి, వాళ్లకి సోంపు రుచి ఉన్న మిఠాయిలు పెట్టాడు. వాటిలో కామం రేపుతుందని నమ్మే ఒక పురుగు పొడి కలిసింది. ఆ పొడి మోతాదు మించితే విషమే. అమ్మాయిలకి వాంతులు, కడుపులో మంట. బతికారు. విషప్రయోగం, పురుషుడితో సంభోగం అనే నేరాల కింద ఇద్దరికీ మరణశిక్ష పడింది. ఆనాటి చట్టంలో రెండోది కూడా ప్రాణం తీసే నేరమే. నిందితులేమో పరారీలో ఉన్నారు. అందుకని సెప్టెంబరు 12న ఎక్స్ పట్నం కూడలిలో ఇద్దరి దిష్టిబొమ్మలకీ శిక్ష అమలు చేసి కాల్చేశారు.

ఇతను ఇటలీ పారిపోయింది ఒంటరిగా కాదు, సొంత మరదలితో. ఆన్ ప్రోస్పేర్, మఠంతో ముడిపడిన పడుచు. అత్తగారు ఇక చచ్చినా క్షమించనిది ఇదే. డిసెంబరులో పట్టించి మియోలాఁ కోటలో వేయించింది. 1773 ఏప్రిల్ 30న అక్కణ్ణుంచీ పారిపోయాడు.

లాకోస్త్ కోటలో?

ప్రొవాన్స్‌లో వీళ్ల సొంత కోట అది. 1774 చలికాలంలో పనికని పదిహేనేళ్ల ప్రాయం అమ్మాయిల్ని తెచ్చి కోటలో పెట్టుకున్నారు. భార్య కూడా అక్కడే ఉంది, తర్వాత వ్యవహారం బయటికి పొక్కకుండా చూసిందీ ఆమే. కన్నవాళ్లు ఫిర్యాదులు చేశారు. ఒక పిల్లని ఎవరికంటా పడకుండా బాబాయి ఇంట్లో దాచారు. ఇందులో ‘స్వేచ్ఛా ప్రియుడి’ లక్షణం నాకెక్కడా కనిపించలేదు.

1777 జనవరిలో వంటమనిషి కత్రీన్ త్రెయే తండ్రి కోటకి వచ్చి కూతుర్ని పంపమన్నాడు. మాటా మాటా పెరిగింది. ఆ తండ్రి పిస్తోలు తీసి గుండెకి గురిపెట్టి కాల్చాడు. మందు భుగ్గుమంది, గుండు రాలేదు.

విచారణ లేకుండా పదమూడేళ్లు ఎలా ఉంచగలిగారు?

‘లెత్ర్ ద కాషే’ అని రాజముద్ర వేసిన ఉత్తర్వు ఉండేది. ఎవర్నైనా, ఎంత కాలమైనా, కారణం చెప్పకుండా లోపల వేయొచ్చు. పెద్దింటివాళ్లు పరువు తీసే కొడుకునో అల్లుణ్ణో దూరం పెట్టడానికి రాజుని అడిగి తెచ్చుకునేవారు. 1777 ఫిబ్రవరిలో తల్లికి ప్రాణం మీదికొచ్చిందని సాద్ పారిస్ వచ్చాడు. ఆమె అప్పటికే పోయింది. ఫిబ్రవరి 13న అత్తగారి ఉత్తర్వు పట్టుకుని పోలీసులు వచ్చారు.

1778లో ఎక్స్ కోర్టు పాత మరణశిక్ష కొట్టేసింది. మందలింపు, 50 లీవ్రుల జరిమానా, మూడేళ్లు మార్సెయ్‌లో అడుగు పెట్టకూడదు. ఇంటికి పోవచ్చనుకుంటుండగా అసలు సంగతి తెలిసింది. కోర్టు కేసు వేరు, రాజు ఉత్తర్వు వేరు. రెండోది అలాగే ఉంది. తిరుగు దారిలో తప్పించుకుని లాకోస్త్ చేరాడుగానీ నెలకే పట్టేశారు.

చేసినవాటికి శిక్ష పడాల్సిందే. కానీ పడ్డది ఆ ఆడవాళ్ల తరఫున కాదు, మోంత్రయ్ వారి పరువు తరఫున.

జైల్లో ఎలా బతికాడు?

ఉత్తరాలతో. భార్యకి రాసినవే ఇతని అసలు సాహిత్యం అని నా అభిప్రాయం. తిట్లు, బుజ్జగింపులు, అనుమానాలు, తిండి. ఒక ఉత్తరంలో కేకు పంపమంటాడు. పైపూత ఒక్కటే కాదు, లోపలంతా చాక్లెట్ ఉండాలట. పొగపట్టిన సైతాను పిర్రలంత నల్లగా ఉండాలట. కదలిక లేక, తిండి ఎక్కువై, బాగా లావెక్కాడు.

ఇంకో పిచ్చి, లెక్కలు. ఎప్పుడు వదులుతారో ఎవరూ చెప్పరు కాబట్టి భార్య ఉత్తరాల్లో లైన్లు లెక్కపెట్టేవాడు, ఒక మాట ఎన్నిసార్లు వచ్చిందో చూసేవాడు, అందులో విడుదల తేదీ దాచిందని నమ్మేవాడు. పాపం ఆమె మామూలుగా క్షేమసమాచారం రాసింది. కొవ్వొత్తులు, పుస్తకాలు, బట్టలు మోసి మోసి ఆమె పదమూడేళ్లు తిరిగింది. 1790లో బయటికి రాగానే మాత్రం మొహం చూడనంది. విడాకులలాంటి ఎడబాటు తీసుకుంది.

‘సొదొమలో 120 రోజులు’ నిజంగా కాగితం చుట్ట మీద రాశాడా?

అవును. 1784లో పారిస్‌లోని బాస్తీ (బాస్టిల్) కోట జైలుకి మార్చారు. 1785 అక్టోబరు 22న మొదలుపెట్టి 37 రోజుల్లో, సాయంత్రం పూట, అరచేతి వెడల్పు కాగితాలు ఒకదానికొకటి అంటించి, రెండు వైపులా చీమల బారులాంటి అక్షరాలతో నింపాడు. పొడవు 12 మీటర్లు. చుడితే పిడికిట్లో పడుతుంది, గోడ సందులో దూరుతుంది. నలుగురు డబ్బున్న దుర్మార్గులు కోటలో తలుపులేసుకుని చేసే ఘోరాల జాబితా అది. కథ సగం నుంచి ఒట్టి నోట్సు అయిపోతుంది. చదవడం మొదలుపెట్టినవాళ్లు పూర్తి చేయకపోతే తప్పేం లేదు.

బాస్తీ కూలినప్పుడు లోపలే ఉన్నాడా?

లేడు. పది రోజుల్లో తప్పిపోయింది. 1789 జూలై 2న, మురికి నీళ్లు పారబోసే గరాటు గొట్టాన్ని మైకులా పట్టుకుని కిటికీలోంచి వీధిలోకి అరిచాడు, ‘లోపల ఖైదీల గొంతులు కోస్తున్నారు, రండి కాపాడండి’ అని. కోట అధికారి బెంబేలెత్తి రెండు రోజుల్లో, అర్ధరాత్రి, కట్టుబట్టలతో షారాంతోఁకి తరలించాడు. జూలై 14న జనం కోట బద్దలుకొట్టేసరికి లోపల ఉన్నది ఏడుగురు. గదిలో వదిలేసిన సామాను, పుస్తకాలు, రాతలు దోపిడీ అయిపోయాయి. ఆ రాతల కోసం రక్తపు కన్నీళ్లు కార్చానని తర్వాత రాశాడు. చుట్ట కూడా పోయిందనుకునే చచ్చిపోయాడు.

మరి అది పోలేదా?

ఎవరో తీశారు. ఒక ప్రభువుల ఇంట తరతరాలు ఉండి, జర్మనీకి పోయి, 1904లో ఇవాన్ బ్లోఖ్ అనే వైద్యుడి చేతిమీదుగా మొదటిసారి అచ్చయింది. 1929లో సాద్ వంశానికే చెందిన ఒక ఆమె కొని ఫ్రాన్స్ తెచ్చింది. 1982లో కాజేసి స్విట్జర్లాండ్‌లో అమ్మేశారు. రెండు దేశాల కోర్టులూ చెరోరకంగా తీర్పిచ్చాయి. 2014లో 70 లక్షల యూరోలకి కొన్న కంపెనీ కూలిపోయింది. 2017లో ఫ్రాన్స్ జాతీయ సంపదగా ప్రకటించి, 2021లో ఒక దాత ఇచ్చిన సొమ్ముతో ప్రభుత్వం 45 లక్షల యూరోలకి పైగా పెట్టి కొనుక్కుంది. ఇప్పుడు పారిస్‌లోని ఆర్సెనాల్ గ్రంథాలయంలో ఉంది. బాస్తీ జైలు రికార్డులు ఉండేదీ అక్కడే.

విప్లవంలో ప్రభువు ఎలా బతికిపోయాడు?

‘పౌరుడు సాద్’ అయిపోయి. 1790 ఏప్రిల్‌లో విడుదల. నాటకాలు రాశాడు, కోంస్తాన్స్ కెస్నే అనే నటితో జీవితం మొదలుపెట్టాడు. చచ్చేదాకా ఆమె తోడు వదల్లేదు. 1793లో విప్లవ నాయకుడు రొబెస్పియేర్ ఉండే పేటకే ఇతను అధ్యక్షుడయ్యాడు. అప్పుడు అత్తమామల పేర్లు ఇతని ముందుకొచ్చాయి. ఒక్క మాట అంటే తలలు తెగేవి. అనలేదు. వాళ్లని మంచివాళ్ల జాబితాలో వేయించి, నా పగ ఇలా తీర్చుకుంటున్నాను అని ఊళ్లోని తన వకీలుకి రాశాడు. కథల్లో వేలమందిని చంపించిన మనిషి, నిజంగా చంపే అధికారం చేతికొచ్చిన రోజున వెనక్కి తగ్గాడు. దీన్ని ఏ లెక్కలో వేయాలో నాకు ఇప్పటికీ తేలదు.

ఆ డిసెంబరులో ‘మెతకదనం’ నేరం కింద ఇతన్నే పట్టుకున్నారు. చివరికి ఉంచిన పిక్‌ప్యూస్ జైలు ఇంటికి కాస్త దూరంలోనే గిలటిన్ ఉండేది. ఆరు వారాల్లో తెగిన 1,306 మందిని ఆ తోటలోనే గుంతలు తీసి పూడ్చారు. 1794 జూలై 27 నాటి మరణ జాబితాలో ఇతని పేరూ ఉంది. పిలవడానికి వచ్చిన జవానుకి మనిషి దొరకలేదు, ‘లేడు’ అని రాసుకుని పోయాడు. ఆ రోజే రొబెస్పియేర్ కూలిపోయాడు. కళ్లెదురుగా ఆ గిలటిన్ చేసిన హాని ముందు బాస్తీలు ఎందుకూ పనికిరావని సాద్ తర్వాత రాశాడు.

ఇతని పుస్తకాల్లో ఏముంటుంది?

1791లో వచ్చిన ‘జుస్తీన్’ అందరికీ తెలిసింది. మంచిగా ఉండాలనుకున్న అమ్మాయికి అడుగడుగునా శిక్ష, చెడ్డదైన ఆమె అక్క జూలియెట్‌కి అందలం. మధ్యమధ్యలో దేవుడు లేడు, ప్రకృతికి జాలి లేదు, బలవంతుడిదే రాజ్యం అంటూ పేజీలకి పేజీలు ఉపన్యాసాలు. దాన్ని తానే రాసి, తాను రాయలేదని జీవితాంతం బుకాయించాడు. బూతు అనుకుని తెరిచినవాళ్లకి విసుగు గ్యారంటీ. హింస లెక్కల పుస్తకంలా సాగుతుంది.

నెపోలియన్ ఎందుకు పట్టించాడు?

నెపోలియన్ భార్య జోసెఫిన్ మీద వెక్కిరింత రాసినందుకని ఒక కట్టుకథ ఉంది, పరిశోధకులు దాన్ని కొట్టేశారు. ‘జుస్తీన్’, ‘జూలియెట్’ల కోసమే 1801 మార్చి 6న ప్రచురణకర్త ఆఫీసులో పట్టుకున్నారు. విచారణ లేదు. రాజు పోయాడు, రిపబ్లిక్ పోయింది, జైలు మాత్రం మారలేదు. మూడు ప్రభుత్వాల్లో కలిపి 27 ఏళ్లకు పైనే లోపల గడిపాడు.

అయితే పిచ్చివాడా?

1803 నుంచి షారాంతోఁలో ఉంచారు. అక్కడి డైరెక్టర్ కూల్‌మియే మంచి మనిషి. నాటకాలు వేస్తే రోగులకి నయమవుతుందని నమ్మి సాద్‌కి ఆ పని అప్పగించాడు. పారిస్ పెద్దలు బండ్లు కట్టుకుని చూడ్డానికి వచ్చేవాళ్లు. కోంస్తాన్స్ ఇతని కూతురునని చెప్పుకుని అక్కడే ఉండేది. 1808లో ఆసుపత్రి పెద్ద డాక్టరు పోలీసు మంత్రికి రాశాడు, ఇతనికి పిచ్చి లేదు, ఉన్న పిచ్చల్లా దురాచారమే, కాబట్టి ఇది ఉండాల్సిన చోటు కాదు అని. 1813లో నాటకాలు ఆపించారు. చివరి రోజుల డైరీల్లో అక్కడి ఉద్యోగిని ఒకామె టీనేజీ కూతురికి డబ్బిచ్చి రప్పించుకున్న సంగతి ఉంది. డెబ్బై దాటినా మనిషి మారలేదన్నమాట.

‘శాడిజం’ అన్న మాట ఎవరు పెట్టారు?

1834 నాటి ఒక ఫ్రెంచి నిఘంటువులోనే ఉంది. 1886లో తన పుస్తకం తెచ్చిన ఆస్ట్రియా మానసిక వైద్యుడు క్రాఫ్ట్ ఎబింగ్ చేతిలో అది వైద్య పదం అయింది. తెలుగులోకి వచ్చేసరికి లైంగికపు అర్థం చాలావరకు రాలిపోయి, ‘ఎదుటివాడు ఏడిస్తే ఆనందించేవాడు’ అనే మిగిలింది. వంశంవాళ్లు చాలాకాలం మార్కీ బిరుదు వాడకుండా వదిలేశారు.

ఇలాంటివాణ్ణి గొప్ప రచయిత అని ఎందుకంటారు?

1909లో ఫ్రెంచి కవి అపొలినేర్ ఇతన్ని అందరికంటే స్వేచ్ఛాజీవి అన్నాడు. సర్రియలిస్టులు నెత్తిన పెట్టుకున్నారు. పుస్తకాలు బాహాటంగా అచ్చేసిన పొవేర్ అనే ప్రచురణకర్తని 1956లో కోర్టుకి లాగితే కోక్తో, బతాయ్ లాంటి రచయితలు అతని పక్షాన నిలిచారు. సాద్‌ని తగలబెట్టాలా అని సిమోన్ ద బోవా ఒక పెద్ద వ్యాసమే రాసి, తగలబెట్టొద్దు, చదివి వాదించాలి అన్నట్టు తేల్చింది. 1990 నుంచి ఇతని రచనలు గొప్ప రచయితలకి దక్కే ‘ప్లెయాద్’ అనే పుస్తకాల వరసలో సంపుటాలుగా వచ్చాయి. ఆ వరస అచ్చేసేది పల్చటి బైబిలు కాగితం మీద! అధికారం చేతిలో ఉండి అడిగేవాడు లేకపోతే మనుషులు ఏం చేస్తారో ఇతను దాచకుండా రాశాడు, అది ఒప్పుకుంటాను. అలా చేసినవాళ్లలో తానూ ఒకడు, అదీ ఒప్పుకోవాలి.

ఫోటో లాంటిది ఏమైనా ఉందా?

ఇరవై ఏళ్ల ప్రాయంలో వాన్ లో గీసిన పక్కచూపు బొమ్మ ఒక్కటే నమ్మదగినది. భయంకరంగా కనిపించేవన్నీ తర్వాతివాళ్ల ఊహలు.

సమాధి ఎక్కడ?

1806లో రాసిన వీలునామాలో స్పష్టంగా చెప్పాడు. తన ఎస్టేటులోని అడవిలో, ఏ తంతూ లేకుండా పూడ్చాలి, పైన ఓక్ గింజలు చల్లాలి, చెట్లు మొలిచి జాడ కూడా మిగలకూడదు. కొడుకు అదేమీ పట్టించుకోలేదు. ఆసుపత్రి శ్మశానంలో, మతాచారం ప్రకారం, శిలువ కింద పెట్టారు. మిగిలిన రాతప్రతులు కొన్ని పోలీసుల చేత కాల్పించాడు కూడా.

కొన్నేళ్లకి ఆ శ్మశానం తవ్వినప్పుడు రామోఁ అనే డాక్టరు పుర్రె తీసుకున్నాడు. తల ఆకారాన్ని బట్టి గుణం చెప్పే విద్య అప్పట్లో జోరు మీద ఉంది. ఆ విద్యలో పేరున్న ష్పుర్త్స్‌హైమ్ చూసి ఇస్తానని పట్టుకెళ్లాడు, మళ్లీ రాలేదు. చేయి దాటకముందే రామోఁ తడిమి చూసి రాసిపెట్టుకున్నాడు: దయ ఉంది, భక్తి ఉంది, క్రూరత్వం లేదు, కామం మితిమీరి లేదు, చూస్తే ఎవరో చర్చి పెద్ద పుర్రెలా ఉంది.